గుమ్మడికాయ కొట్టని ఇల్లు

ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్‌కి ఎక్కే వాలులో, రెండు బండరాళ్ల మధ్య ఒక ఇల్లుంది. పగలు చూస్తే ఏమీ లేదు. ఒకప్పుడు షూటింగులకు అద్దెకిచ్చిన ఇల్లు, అంతే. గేటుకు తుప్పు, లోపల ఎండిపోయిన లాన్. కానీ సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్‌లో ఏ టీకొట్టు దగ్గరైనా ఆ ఇంటి మాట ఎత్తి చూడండి... తాగుతున్న గ్లాసు పక్కన పెట్టేస్తారు.

దాన్ని గుమ్మడికాయ కొట్టని ఇల్లు అంటారు.

సినిమా మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ కొడతారు. ఆఖరి రోజు గుమ్మడికాయ కొడతారు. అప్పటికి గాని దిష్టి పోదు, పని అయినట్టు కాదు. ఆ ఇంట్లో పదకొండేళ్ల కింద కొబ్బరికాయ కొట్టారు. గుమ్మడికాయ మాత్రం కొట్టలేదు.

డైరెక్టర్ పరబ్రహ్మం గారు మానిటర్ ముందు కూర్చుని "యాక్షన్" అన్నారు. "కట్" అనలేదు.

షాట్ నడుస్తుంటే ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. 'కట్' అంటే కదలాలి. 'వన్ మోర్' అంటే మొదటి నుంచి మళ్లీ చెయ్యాలి. రెండిట్లో ఏదో ఒకటి వినబడే దాకా శిలల్లా నిలబడాలి. ఆ రోజు ఎనభై మంది నిలబడ్డారు. నాలుగు నిమిషాలు. కుర్చీలోనే ప్రాణం పోయినా ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పటి నుంచి చీకటి పడ్డాక ఆ గేటు ముందు నుంచి పోయేవాళ్లకు ఎవరో "యాక్షన్" అన్నట్టు వినబడుతుందట. "కట్" మాత్రం ఇంతవరకూ ఎవరూ వినలేదు.

ఆ ఎనభై మందిలో రమామణి ఒకతి.

కాస్ట్యూమ్స్‌లో చీరలు కట్టించే పని ఆమెది. ఇరవై రెండేళ్ల సర్వీసు. పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు పిన్నీసులుంటాయి. మాట్లాడితే జారిపోతాయి కాబట్టి మాట తక్కువ. మొగుడు పోయాక కృష్ణానగర్‌లో మూడో అంతస్తు గది, ఒక్కతే కూతురు. ఆమె లోకం అంతే.

కూతురు వర్ణిక. డిగ్రీ రెండో ఏడు, జర్నలిజం. తెల్లారితే ఫోను, పొద్దుగూకితే ఫోను. పాఠాలు వాట్సాప్ గ్రూపులో, నోట్సు పీడీఎఫ్‌లో, పరీక్ష ఫీజు అందులోనే, స్నేహాలూ అందులోనే. స్క్రీను ఒక మూల పగిలింది. పగులు పక్కనుంచే చదివేది.

"అమ్మా, నీ ఫోన్ ఇలా ఇయ్యి."

"ఎందుకే?"

"నన్ను ఫాలో అవ్వాలి. నా మొదటి ఫాలోవర్ నువ్వే."

"పుట్టినప్పటి నుంచీ నీ వెనకాలే తిరుగుతున్నా. అది చాల్లేదా?"

"ఇందులో నడవక్కర్లేదులే. కూర్చుని గుండె బొమ్మ నొక్కితే చాలు."

ఆ రోజు నుంచి వర్ణిక లైవ్ పెట్టినప్పుడల్లా రమామణి ఫోను ఒక్కసారి వణికేది. 'వర్ణిక లైవ్‌లో ఉంది.' ఏ సెట్లో ఉన్నా, పిన్నీసులు పెదాల్లోనే ఉంచుకుని, గుండె బొమ్మ నొక్కేది. చూసే తీరిక ఉండేది కాదు.

ఒక ఆదివారం అన్నం తింటూ వర్ణిక చెప్పింది.

"అసైన్‌మెంట్ ఇచ్చారు. చెడ్డపేరున్న చోటు గురించి మూడు నిమిషాలు. లైవ్‌లోనే చెయ్యాలి, మధ్యలో ఆపకూడదు. మంగళవారం రాత్రి తొమ్మిదికల్లా పోర్టల్లో లింకు పెట్టకపోతే సున్నా."

"ఏ చోటు?"

"ఇంకేది, నీ గుమ్మడికాయ ఇల్లే."

రమామణి చెయ్యి కంచంలో ఆగింది. ఆ కథ చెప్పింది తనే. చిన్నప్పుడు ముద్దలు పెడుతూ చెప్పింది.

"వద్దు."

"దెయ్యం ఉంటే దానికీ ఇద్దరు ఫాలోవర్లు పెరుగుతారమ్మా."

"వద్దన్నాను."

వర్ణిక నవ్వి ఊరుకుంది. మానేసిందనుకుంది రమామణి.

మంగళవారం శ్రీనగర్ కాలనీలో షూటింగు. ఎనిమిది దాటింది. హీరోయిన్ కుచ్చిళ్లు సర్దుతుంటే మెసేజ్ వచ్చింది. 'గుమ్మడికాయ ఇంట్లో ఉన్నా. ఎనిమిది నలభైకి లైవ్. ఈ ఒక్కటీ చూడమ్మా, ప్లీజ్.'

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది...

అప్పుడు గుర్తొచ్చింది, కథలో తను చెప్పని ముక్క.

ఆ హాల్లో సినిమా కోసం మెట్లు కట్టారు. చెక్క, పైన ప్లాస్టరు పూత. చూడ్డానికి రాజమహల్ మెట్లు. పద్దెనిమిది. ఆ తర్వాత ఏమీ లేదు. కెమెరాకు కనబడనిది ఎవరూ కట్టరు. సినిమా ఆగిపోయింది కాబట్టి ఆ మెట్లు ఎవరూ విప్పలేదు.

పిన్నీసులు రవికకు గుచ్చుకుని ఆటో కోసం పరిగెత్తింది.

గేటు దగ్గర వాచ్‌మన్ నర్సింహ బీడీ కాలుస్తున్నాడు.

"నా కూతురు..."

"లోపల్నే ఉంది. నీ బిడ్డనే గదా అని పంపిన. జర పైలం, కరెంటు లేదు."

ఆమె చేతిలో ఫోను వణికింది. 'వర్ణిక లైవ్‌లో ఉంది.'

హాలు తలుపు తెరిచే ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లో ఒక్క మొహం వెలుగుతోంది. ఫోను చేత్తో ముందుకు చాపి పట్టుకుని, అందులోకి చూస్తూ, వర్ణిక వెనక్కి వెనక్కి నడుస్తూ మెట్లెక్కుతోంది. చాలా మటుకు ఎక్కేసింది.

"...ఆయన యాక్షన్ అన్నారు ఫ్రెండ్స్. ఆ తర్వాత..."

రమామణి నోరు తెరిచింది.

"సైలెన్స్."

పక్కనుంచి... చాలా మెల్లగా. పదకొండేళ్ల కింద విన్న గొంతు.

"రోలింగ్..."

"యాక్షన్."

పాదాలు ఉన్నచోటే ఉండిపోయాయి. తెరిచిన నోరు దానంతటదే మూసుకుంది. లేని పిన్నీసుల్ని పట్టుకున్నట్టు పెదాలు బిగుసుకున్నాయి. ఇరవై రెండేళ్ల అలవాటు. షాట్ నడుస్తోంది. షాట్‌లోకి వెళ్లకూడదు. 'కట్' అంటారు... ఇప్పుడంటారు... అనగానే పిలవచ్చు.

పదహారు. పదిహేడు.

వర్ణిక ఆగింది. ఫోను మీదుగా తలుపు వైపు చూసింది. మొహం విప్పారింది.

"అరే, మా అమ్మ వచ్చింది ఫ్రెండ్స్! నా ఫస్ట్ ఫాలోవర్. అమ్మా... ఓకేనా?"

రమామణి 'కట్' కోసం చూస్తోంది.

పద్దెనిమిది.

కూతురు నవ్వుతూనే ఇంకో అడుగు వెనక్కి వేసింది.

చప్పుడు విని నర్సింహ పరిగెత్తుకొచ్చాడు. అప్పటికీ రమామణి కదల్లేదు. అతను భుజం పట్టి ఊపితే గాని కదల్లేదట.

వర్ణిక చావలేదు. అదొక్కటే. యూసుఫ్‌గూడలో ఒక ఆసుపత్రి, గొట్టాల మధ్య మంచం. కళ్లు తెరుచుకునే ఉంటాయి, కానీ చూడవు. పిలిస్తే పలకదు. "ఇంక లేస్తుందని చెప్పలేనమ్మా" అన్నాడు డాక్టరు, కాగితాల వైపు చూస్తూ.

ఎస్సై ఆ వీడియో చూపించాడు. మూడు నిమిషాల ఎనిమిది సెకన్లు.

"అమ్మా... ఓకేనా?" అంది వీడియోలో వర్ణిక. ఆ తర్వాత ఆరు సెకన్లు ఏ చప్పుడూ లేదు. కూతురు తల్లి జవాబు కోసం ఎదురు చూస్తోంది. ఆ ఆరు సెకన్లూ.

"అంత దగ్గర్లో ఉండి ఒక్క మాట అనలేదేంటమ్మా?"

"యాక్షన్ అన్నారు బాబూ... సైలెన్స్ అన్నారు..."

ఎస్సై మొదటి నుంచి మళ్లీ పెట్టాడు. శబ్దం పెంచాడు. వర్ణిక గొంతు ఒక్కటే ఉంది. ఇంకే గొంతూ లేదు.

అతను వర్ణిక ఫోను సీలేసి బీరువాలో పెట్టాడు. జాలిగా చూశాడు. అలా చూసే కన్నా కొట్టినా బాగుండేది.

రమామణి పనికి వెళ్లడం మానేసింది. పిన్నీసుల డబ్బా ఎవరికో ఇచ్చేసింది. మంచం పక్కన కూర్చుని రోజంతా పిలిచేది. "వర్ణికా... దిగమ్మా... అక్కడ మెట్టు లేదే..." ఇప్పుడు ఎంత గట్టిగానైనా పిలవగలదు.

నలభై ఒకటో రోజు ఒక గుమ్మడికాయ కొంది.

నర్సింహ గేటు తీశాడు గాని లోపలికి రాలేదు.

"నేను రాను తల్లీ. జల్ది వచ్చెయ్."

మెట్ల కింద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించింది. మూడుసార్లు తిప్పింది. నేలకేసి కొట్టింది. కాయ పగిలి గింజలు నాలుగో మెట్టు దాకా చిందాయి.

ఇంక మిగిలింది డైరెక్టర్ అనాల్సిన మాట. చీరలు కట్టించే మనిషి ఏనాడూ అనకూడని మాట. రమామణి గుండె నిండా గాలి పీల్చి అనేసింది.

"కట్."

హాలంతా నిశ్శబ్దం. కర్పూరం ఆరింది. అయిపోయింది అనుకుంది. ఆసుపత్రిలో బిడ్డ ఒక్కసారి రెప్ప వేసి ఉంటుందనుకుంది. కళ్లొత్తుకుని వెనక్కి తిరిగింది...

చీకట్లో, మానిటర్ ఉండే వైపు నుంచి, ఎవరో నిట్టూర్చారు.

"వన్ మోర్."

చేతిలో ఫోను ఒక్కసారి వణికింది.

'వర్ణిక లైవ్‌లో ఉంది.'

మెట్ల పైన ఒక మొహం వెలిగింది. వెనక్కి వెనక్కి నడుస్తోంది. పదహారు. పదిహేడు.

"అమ్మా... ఓకేనా?"

రమామణి అరవబోయింది.

పెదాల మధ్య నాలుగు పిన్నీసులు చల్లగా గుచ్చుకున్నాయి.