ద్రుగాష్‌కు శాలువా

ఇంగ్లండ్‌లో నెన్ నది పొంగి నార్తాంప్టన్‌లో కారవాన్ ఇళ్లు మునిగిన ఏడు. కోవెంట్రీలో వాన ఇంకా వదల్లేదు.

ఏజెంట్ సుబ్బరాజు ఇయర్‌పీస్‌లో గూఢచారి సర్వీస్ కంట్రోల్ గొంతు పలికింది.

"ఒక్తావ్ ద్రుగాష్. రొమేనియా మాజీ న్యాయశాఖ మంత్రి. రేపు లండన్ కోర్టులో ఆయుధాల ముఠా పేర్లు చెబుతాడు. అంతదాకా బతకాలి."

"ఇంకొకరు దొరకలేదా?"

"నీ పగ నాకు తెలుసు. డ్యూటీ చెయ్."

పగ ఉంది. ద్రుగాష్ దొంగల్ని పట్టించే ప్రాసిక్యూటర్‌గా పేరు తెచ్చుకుని మంత్రి అయ్యాడు. అయ్యాక ఒక్క సంతకంతో ముఠా మనుషుల్ని జైలు నుంచి వదిలేశాడు. వాళ్లలో ఒకడు సుబ్బరాజు పార్ట్‌నర్ అభిజిత్‌ను కాల్చి చంపాడు. పదవి ఊడాక ద్రుగాష్ ఇంగ్లండ్ చేరి లా పాఠాలు చెప్పుకుంటున్నాడు. ఆ హంతకుడి పేరు ఇప్పుడు అతని నోటినుంచే రావాలి.

"ఇవాళ ఫ్లాట్‌లో పడుండు," అన్నాడు సుబ్బరాజు ద్రుగాష్‌తో.

"తెలుగు స్టూడెంట్లు సన్మానం చేస్తారట. స్టేజీ ఎక్కి చాలా కాలమైంది." ద్రుగాష్ నవ్వి చెయ్యి చాపాడు. సుబ్బరాజు అందుకోలేదు.

కమ్యూనిటీ హాల్. సుబ్బరాజుది ఫోటోగ్రాఫర్ వేషం. కెమెరా ఫ్లాష్ వెనక మత్తు డార్ట్. ద్రుగాష్ భుజాన్ని అంటుకుని సెక్రటరీ ఇలోనా. ఎర్ర గౌను, మెడలో ఉన్ని స్కార్ఫ్. ద్రుగాష్ కబుర్లు సర్వీస్‌కు అమ్మేది ఆమే.

"నదిలో నీళ్లు తీశాయా?" సుబ్బరాజు ఆమెను కోడ్‌లో అడిగాడు.

"తీశాయి." అంటే అంతా క్షేమం.

తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ నాగేశ్వరి మైకు అందుకుంది. "ఇప్పుడు గెస్టుగారికి శాలువా! కమిటీ అంతా రండి, తలో చెయ్యీ వెయ్యాలి. ప్రదీప్, సమోసాలు ఎక్కడికీ పోవురా, రా!"

ఎప్పుడూ భుజం వదలని ఇలోనా స్టేజీ దిగింది.

సుబ్బరాజు కెమెరా దించాడు. "ఆంటీ, శాలువా ఎక్కడ కొన్నారు?"

"మేం కొంటే ఇంత మెరుస్తుందా నాయనా! ఈ అమ్మాయే తెచ్చింది. కవరు స్టేజీ మీదే విప్పమంది."

"అయితే ఆమే కప్పాలి. రండి మేడమ్."

"నాకు ఉన్ని పడదు," అంది ఇలోనా.

సుబ్బరాజు ఆమె మెడలో స్కార్ఫ్ చూశాడు. నాగేశ్వరి అప్పటికే కవరు జిప్పు పట్టుకుంది. ఒక్క దూకులో స్టేజీ ఎక్కి కవరు లాక్కున్నాడు.

"ఓరి నీ దూకుడు తగలెయ్య! పిచ్చా?"

ఇలోనా తలుపువైపు పరుగెత్తింది. ఫ్లాష్ మెరిసింది. డార్ట్ తగిలి ఆమె కుర్చీల మధ్య కూలింది.

"శాలువా నిండా నరాల విషం. ముట్టుకుంటే చాలు," అంది కంట్రోల్, ల్యాబ్ వాళ్లు చూశాక. "మన జీతమూ తింది, ముఠా జీతమూ తింది."

నాగేశ్వరికి ఒకటే దిగులు. "మరి సన్మానం? ఉగాదికి నాకు కప్పింది బీరువాలో ఉంది, తెప్పించనా?"

మర్నాడు పొద్దున ద్రుగాష్ కోర్టులో చెప్పిన మొదటి పేరు అభిజిత్ హంతకుడిది. బయటికొచ్చి మెట్ల మీద మళ్లీ చెయ్యి చాపాడు. సుబ్బరాజు రెండు చేతులూ జోడించి దూరంనుంచే నమస్కారం పెట్టాడు.

అది గౌరవమనుకుని ద్రుగాష్ మురిసిపోయాడు.