రెండో రౌటర్

భువనగిరి బస్టాండులో పట్టపగలు మన గూఢచార సంస్థ ఏజెంట్ మెహమూద్‌ను మూడు బుల్లెట్లతో కూల్చేశారు. చంపించినవాడు రఘుపతి. హుజూర్‌నగర్‌లో బియ్యం ఎగుమతి కంపెనీ ముసుగులో విదేశీ గూఢచారుల ముఠా నడుపుతున్న ఘనుడు.

పదోనాడు మెహమూద్ తమ్ముడు, ఏజెంట్ ఖుద్దూస్‌ను చీఫ్ ఐలేశం పిలిపించాడు.

"ముఠాల దూరిన మనోళ్లు పదకొండు మంది. వాళ్ల పేర్లు రఘుపతి సర్వర్‌ల ఉన్నయ్, గని ఆ ఫైలు తెరవొద్దని వానికి బాస్‌ల ఆర్డర్. రేపు పగటిపూట పన్నెండింటికి వాని విదేశీ బాస్‌లు ఇంటర్నెట్ మీద లిస్టు గుంజుకుంటరు. ఆ తర్వాత ఒక్కడు మిగలడు."

"రఘుపతిని నేనే ఖతం చేస్త సార్."

"ముందుగాల లిస్టు. కోపం జేబుల పెట్టుకో."

జేబులో పట్టే కోపమా అది? అన్న జనాజా మోసిన భుజం ఇంకా మండుతోంది.

మర్నాడు టెలిఫోన్ లైన్‌మన్ వేషంలో రఘుపతి కంపెనీకి వెళ్లాడు. తలుపు తీసింది జాహేదా. పోచంపల్లి పట్టుచీర, నల్లకళ్లద్దాలు, గుప్పుమనే అత్తరు. ముఠాకు కంప్యూటర్ ఆపరేటర్, లోలోపల మన డబుల్ ఏజెంట్.

"లైన్ల గరగర వస్తాందా?"

"వాన పడ్డప్పుడే." కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "రెండు రౌటర్లున్నయ్ భాయ్. మొదటిది రఘుపతి టేబుల్ మీద. బయటినుంచి వచ్చినోళ్లను అది రెండోదానికి పంపుతది, అంతే. సర్వర్ యాడుందో రెండోదానికే ఎరుక. అది స్టోర్‌రూమ్‌ల ఉంది."

"వాడు రెండోది చూస్తడా?"

"మొదటిదే చూస్తడు. పొద్దటిసంది నాలుగుసార్లు చూసిండు."

బియ్యం బస్తాల నడుమ ఖుద్దూస్ పనిముట్ల సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. జాహేదా ఇచ్చిన పాస్‌వర్డ్‌తో రెండో రౌటర్లోకి దూరాడు. వచ్చినవాళ్లను ఎటు పంపాలో చెప్పే పోర్ట్ ఫార్వర్డింగ్‌లో సర్వర్ అడ్రస్ కొట్టేసి తన లాప్‌టాప్ అడ్రస్ వేశాడు. పదకొండూ యాభై ఎనిమిది. రౌటర్ ఆగి మళ్లీ మొదలైంది. ఎర్ర లైటు.

పక్క గదిలో రఘుపతి నవ్వుతున్నాడు. "మెహమూద్‌గాడు పోయినట్లే గీళ్లందరు పోతరు."

ఖుద్దూస్ చెయ్యి పిస్తోలు మీదికి పోయింది. జాహేదా మణికట్టు పట్టి ఆపింది.

పన్నెండుకు పది సెకన్లుందనగా పచ్చ లైటు వెలిగింది. బాస్‌లు ఇంటర్నెట్ మీద వచ్చారు, ఖుద్దూస్ లాప్‌టాప్‌లో తయారుచేసి పెట్టిన దొంగ లిస్టు తీసుకుని వెళ్లారు. 'ముఠాలో భారత ఏజెంట్లు' అనే శీర్షిక కింద మొదటి పేరు రఘుపతి. మిగతావి వాడి నమ్మినబంట్లవి.

పావుగంటకు ఫోన్ మోగింది. రఘుపతి విన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఖుద్దూస్ లోపలికొచ్చి ఐడీ కార్డు చూపించాడు. "మెహమూద్ తమ్ముణ్ణి."

రఘుపతి రెండు చేతులూ ముందుకు చాపాడు. "నీ కాళ్లు మొక్కుత, బేడీలెయ్యి. సాయంత్రంలోపల నన్ను సంపుతరట."

ఖుద్దూస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"జర ఆగు. లంచ్ టైమైంది. తిన్నంక సూద్దాం."