తీగ మీది అంగీ

తెల్లవారి చాయ తాగడం కూడా మరిచి భద్రమ్మ మూటలు కడుతోంది. ఆ రోజు తిరుమలగిరిలో వారం వారం జరిగే అంగడి.

"ఊరోళ్ల పాత బట్టలన్నీ మనింట్లనే ఉన్నయ్. నా బనీనే దొరుకుతలేదు," అన్నాడు భర్త దశరథం, మంచం కింద వెతుకుతూ.

"గా మూటల ఉంటది. కొనుక్కో," అంది భద్రమ్మ.

వంటింట్లో కోడలు మమత నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు అలా వచ్చి అలా ఆగిపోతుంది.

నాలుగేళ్ల కింద కొడుకు విజేందర్ బావి దగ్గర మోటరు పెట్టబోయి, కరెంటు కొట్టి పడిపోయాడు. దవాఖానకు బండి దొరకలేదు. దొరికేసరికి ప్రాణం లేదు. అప్పటికి అతని కూతురు వర్షిత మమత ఒడిలో పసిది. ఆ తర్వాతే భద్రమ్మ ఇంటింటికీ తిరిగి పాత బట్టలు అడగడం మొదలుపెట్టింది. ఉతికి, చిరిగినచోట కుట్టి, అంగట్లో అమ్ముతుంది. ఆ పైసలతో ఊరికి ఒక ఆటో నడుస్తోంది. కాన్పు నొప్పులొచ్చినా, పాము కుట్టినా సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంది. కిరాయి అడగరు.

అంగట్లో బట్ట ముట్టుకునే ముందు అందరూ అడిగేది ఒకటే. "బతికినోళ్లయేనా అవ్వా?" చచ్చినవాళ్ల బట్టను అక్కడ ఎవరూ తొడగరు. అది శవంతో పాటే పోవాలి. భద్రమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని "బతికినోళ్లయే" అంటుంది. ఆ ఒట్టు మీదే బేరం నడుస్తుంది.

ఇంట్లో మాత్రం విజేందర్ బట్టలు అలాగే ఉన్నాయి. అమ్మే బట్టలతో పాటు వాటినీ వారం వారం ఉతుకుతుంది. తీగ మీద ఆరేస్తుంది. మడతపెట్టి బీరువాలో పెడుతుంది. ఎవరూ ఏమీ అనరు.

ఆ మధ్యాహ్నం అంగట్లో బేరాలు కాస్త తగ్గాక భద్రమ్మ తలెత్తి చూసింది. ఉల్లిగడ్డల కుప్పల అవతల ఒక వీపు నడిచిపోతోంది. నీలం గీతల అంగీ. కుడి భుజం దగ్గర ఆమె వేసిన కుట్టు.

భద్రమ్మ లేచింది. "విజేందరా!"

వీపు ఆగలేదు. భద్రమ్మ జనాన్ని తోసుకుంటూ ఉరికింది. చెప్పు ఊడిపోయింది. "ఓ విజేందరా, ఆగు బిడ్డా!" అంటూ చెయ్యి పట్టి లాగింది. మనిషి ఇటు తిరిగాడు. పక్క ఊరి మేస్త్రి సోమన్న.

"ఏందవ్వా, గట్ల గుంజుతున్నవ్?"

"గీ అంగి... నీకేడిది?"

"పోయిన అంగడికి నువ్వే అమ్మితివి గద. ఒట్టు గూడ వెట్టినవ్."

మూటలు అక్కడే వదిలేసి భద్రమ్మ ఇంటికొచ్చింది. మమత వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఎవలు వెట్టిండ్రే నా కొడుకు అంగిని మూటల?"

మమత చేట కింద పెట్టింది.

"నీకు అడ్డమైందా వాని బట్ట? బీరువ ఖాళీ జేసి ఎవనికి జాగా జేస్తున్నవే?"

"ఏమే, నోరు సంబాళించుకో," అన్నాడు దశరథం భార్యతో, మంచం మీంచి లేచి.

"నేను వెట్టలె అత్తమ్మా," అంది మమత. "నువ్వే వెట్టినవ్."

"నేనా?"

"గుండీ ఊడితె కుట్టినవ్. మడత వెట్టినవ్. మూటల వెట్టి ముడేసినవ్. నేను గీడనే నిలవడి చూసిన."

"మరి చెప్పకపోతివేందే!"

"ఎట్ల చెప్పాలె?" మమత తీగ వైపు చెయ్యి చూపించింది. "గాలొస్తే తీగ మీద ఆ అంగి నిండుతది అత్తమ్మా. భుజాలొస్తయ్, చేతులొస్తయ్. మనిషొచ్చినట్లే అయితది. మా వర్షిత దాని కింద నిలవడి బాపూ బాపూ అని ముచ్చట వెడ్తది. అది మూడు నెలల పిల్లప్పుడు పాయె ఆయన. బాపంటే ఆ అంగే అనుకుంటాంది. నీ చేతులే దాన్ని ఇడిసిపెట్టినయనుకున్న. జర ఊపిరాడింది నాకు. తప్పయితే కొట్టు."

భద్రమ్మ తన చేతులు చూసుకుంది. కొడుకు అంగీకి గుండీ కుట్టాయి ఈ చేతులు. ఎవరో తెలియనివాడి బట్టలాగా మడత పెట్టాయి. ఊరు వాణ్ని మరిచిపోతుందేమోనని ఇన్నాళ్లూ భయపడింది. మరిచింది తను.

నేల మీద కూలబడింది. "నేనే మర్సిపోయిన్నే మమతా. కన్నతల్లిని, నేనే మర్సిన."

మమత వచ్చి ఆమె తలను ఒడిలోకి తీసుకుంది. వాడు పోయాక ఆ ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.

తర్వాతి అంగడికి భద్రమ్మ బీరువాలోని విజేందర్ బట్టలన్నీ వేరే మూట కట్టి, నిజం చెప్పే అమ్ముతానంది. దశరథం అడ్డమొచ్చాడు.

"ఈ సంగతి చెప్పినవంటే ఇగ ఒక్కరు గూడ కొనరు. ఆటో బందయితది."

"తప్పొట్టు మీద నడుస్తదా ఆటో?" అంది భద్రమ్మ. మమత మూట ఎత్తుకుని వెంట నడిచింది.

సోమన్న కనబడగానే భద్రమ్మ పిలిచింది. చుట్టూ ఉన్నవాళ్లంతా వినేలా చెప్పింది.

"నీకు తప్పొట్టు వెట్టిన సోమన్నా. తెల్వక వెట్టిన. నీ మీదున్న అంగి నా కొడుకుది. నా కొడుకు చచ్చిపోయిండు."

ఆ మాట అంతకు ముందు ఆమె నోటి నుంచి ఎన్నడూ రాలేదు.

సోమన్న ముఖం పాలిపోయింది. గబగబా గుండీలు విప్పి, అంగీని మూట మీద పడేసి, బనీనుతోనే వెనక్కి జరిగాడు. బేరమాడుతున్న ఆడవాళ్లు చేతుల్లోని బట్టలు కింద పెట్టారు. గాలికి ఆ అంగీ చెయ్యి ఒకటి లేచి పడింది. పలకరించేవాళ్లు లేరు.

మమత వంగి అంగీ తీసింది. దులిపి, చీర మీదనే తొడుక్కుంది. పత్తి ఏరబోయే ఆడవాళ్లు అలా మగవాళ్ల అంగీలు తొడుక్కోవడం ఆ వైపు మామూలే.

"రేపు పత్తికి పోవాలె అత్తమ్మా. చేతులన్నీ గీరుకపోతున్నయ్."

అంగీ చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. భద్రమ్మ కోడలిని దగ్గరికి లాక్కుని, ఒక్కో మడతా పైకి పెట్టింది.

చాలాసేపటికి బిక్షమ్మ అనే పత్తి కూలామె ముందుకొచ్చింది. మూటలోంచి ఒక తెల్ల అంగీ తీసి ఎండకు పట్టి చూసింది.

"మెత్తగ ఉతికినవ్. పిలగాని పేరేంది?"

"విజేందర్."

"మంచి పేరు. ఎంతకిస్తవ్?"

భద్రమ్మ ధర చెప్పింది. బిక్షమ్మ సగానికి అడిగింది.

భద్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గిట్టదు పో," అంది.