స్విచ్చు మీద టేపు

ఫ్యూజుకి ఆ పేరు పెట్టింది వాళ్ల అమ్మమ్మే. "ముట్టుకుంటే చాలు, ఠప్పుమంటుంది" అని. పిల్ల పెద్దదై నిజంగానే కరెంటు పనిలో చేరి, ఏడేళ్లు లిఫ్టులు బాగుచేసేసరికి ఆ పేరు ఎవరూ ఊడబీకలేనంత గట్టిగా అతుక్కుపోయింది.

ఆ ఏడేళ్లు దాచిందంతా పోసి ఫ్యూజు పాత క్యాంపర్ వ్యాను ఒకటి కొంది. మంచం, స్టవ్వు, బుల్లి ఫ్రిజ్జు అన్నీ లోపలే. బ్యాటరీలు రెండు. ఇంజను తిప్పేది ఒకటి, లోపలి సంసారానికి ఇంకొకటి. ఈ రెండోదాన్ని ఫ్యూజు 'ఇంటి బ్యాటరీ' అనేది.

ఆ ఇంటి బ్యాటరీ మీదే అమ్మమ్మ ప్రాణం ఆధారపడి ఉంది. అతిశయోక్తి కాదు. మెలకువగా ఉన్నంతసేపూ ఆవిడ పదిమంది వాటా మాటలు ఒక్కతే మాట్లాడుతుంది. కళ్లు మూసిందంటే మాత్రం గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంది. అందుకని ముక్కుకి మాస్కు, దానికో గొట్టం, గొట్టం చివర గాలి ఊదే చిన్న మిషను. "అది లేకుండా కునుకు కూడా తియ్యకూడదు" అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నవ్వలేదు.

నాలుగు రోజులుగా పొగమంచు. వ్యాను పైనున్న సోలారు పలక దండగ. ముందురోజు, ఇలాంటి బళ్లు ఆపుకునే క్యాంపులో రాత్రంతా కరెంటు పెట్టి ఛార్జి చేశారు. పొద్దున నిండుగా పన్నెండు పాయింట్ ఏడు ఓల్టులు. సాయంత్రం చెరువుగట్టు పక్కన ఆపి చూస్తే పదకొండు పాయింట్ తొమ్మిది, అంటే దాదాపు ఖాళీ. లోపల ఒక్క లైటైనా వెయ్యలేదు. పైగా దారంతా ఇంజను దానికి ఛార్జి పోస్తూనే ఉంది.

"పోసిందంతా ఎవరు తాగేస్తున్నారే?" అంది ముందు సీట్లోంచి అమ్మమ్మ.

"అదే చూస్తున్నా. నువ్వు కాళ్లు తీస్తే మూత తెరుస్తా."

"కాళ్లు తీసి ఎక్కడ పెట్టను, నీ నెత్తినా?"

ఫ్యూజు మిషను తీగ పీకి, మాస్కుతో సహా సంచిలో పెట్టి, జిప్పు లాగి, వెనక మంచం మీద పడేసింది. ఫ్రిజ్జు ఆపింది. పంపు ఆపింది. బ్యాటరీ పెట్టె మూత తీసి, వైరుకి కరెంటు ఎంత పారుతోందో కొలిచే క్లాంపు మీటరు తగిలించింది. అన్నీ ఆపినప్పుడు ఆ మీటరు సున్నా చూపించాలి. లేదా సున్నా పక్కింట్లో ఉండాలి.

మూడు చూపించింది.

మెల్లగా రెండుకి దిగింది. ఒకటికి. అక్కడ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మెల్లగా పైకి... మూడు.

ఈ నడక ఫ్యూజుకి తెలుసు. అమ్మమ్మ మిషను సరిగ్గా ఇలాగే లాగుతుంది. ఊపిరి పీల్చినప్పుడు అంకె లేస్తుంది, వదిలినప్పుడు పడుతుంది.

"అమ్మమ్మా, నీ మిషను ఆపలేదా?"

"సంచిలో పెట్టింది నువ్వేగా! మతిమరుపు నాకా, నీకా?"

ఫ్యూజు నవ్వింది. కాస్త ఆలస్యంగా నవ్వింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. లైట్లది, పంపుది, ఫ్రిజ్జుది, సాకెట్లది. పీకినదాన్నల్లా అమ్మమ్మ చేతిలో పెడుతుంటే ఆవిడ వేరుశనగలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టింది. తొమ్మిది. పీకడానికింకేం మిగల్లేదు.

మీటరు మాత్రం పీలుస్తూ వదులుతూనే ఉంది.

ఇక మిగిలింది మెయిన్ స్విచ్చు. ఎర్రటి పిడి, దాని చుట్టూ నల్ల టేపు నాలుగు వరసలు. బండి అమ్మినాయన తాళాలిస్తూ చెప్పిన మాట అదొక్కటే: "దీన్ని మాత్రం ఆపకండమ్మా. పగలైనా సరే, రాత్రైనా సరే." ఎందుకని అడిగేలోపే వెళ్లిపోయాడు. ఆ రోజంతా ఫ్యూజు పడీపడీ నవ్వింది. ఆమె పనిలో స్విచ్చుకి టేపు చుట్టేవాడు చేతకానివాడు. మెయిన్ ఆపకుండా వైరు ముట్టుకునేవాడు పిచ్చివాడు. మొదటిరోజు మేస్త్రీ నేర్పిన పాఠమే అది.

టేపు విప్పింది. పిడి తిప్పింది.

మీటరు ఆగలేదు.

మూడు... ఒకటి... మూడు. స్విచ్చు ఆపాక ఆ తీగలో ఏమీ పారకూడదు. పారే దారే లేదు. అయినా మూడు, ఒకటి. రెండు, ఒకటి. ఇప్పుడు తొందరగా. ఇంకా తొందరగా. మొహం మీద దిండు అదిమితే పిల్లలు కొట్టుకున్నట్టు...

ఫ్యూజు చెయ్యి పిడివైపు లేచింది. అందుకోలేదు.

సున్నా.

పొగమంచు అద్దాలకి ఆనుకుని నిలబడింది. ఎక్కడా చప్పుడు లేదు. కాలిన తీగ వాసన లేదు. తడి ఉన్నివాసన వస్తోంది, చాన్నాళ్లు మూసిన పెట్టె తెరిచినట్టు.

అప్పుడు వెనక మంచం మీద ఎవరో గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నారు.

ఫ్యూజు తల తిప్పలేదు. ముందుకే చూస్తూ పాకి డ్రైవరు సీట్లోకి ఎక్కింది. వెనకకీ ముందుకీ మధ్యనున్న తెర లాగేసింది. ఇంజను తిప్పింది.

"ఏమైందే?" అమ్మమ్మ గొంతు గుసగుసలోకి దిగింది. ఆవిడ గుసగుసలాడడం ఫ్యూజు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"ఏం లేదు. క్యాంపుకి వెళ్లిపోదాం. నాలుగు గంటల దారి. నువ్వు మాత్రం నిద్రపోకు."

"మిషను?"

"వెనక ఉంది."

"తెచ్చుకో మరి."

"నువ్వెళ్లి తెస్తావా?"

అమ్మమ్మ తెరవైపు చూసింది. మళ్లీ రోడ్డువైపు చూసింది. "ఒక్క రాత్రి మేలుకుంటే చచ్చిపోను" అంది.

పొగమంచులో బండి నడిచింది, మనిషి నడిచినంత జోరున. రెండో గంటకి అమ్మమ్మ తల వాలింది. ఫ్యూజు మోచేత్తో పొడిచింది.

"అమ్మమ్మా! నీ పచ్చ శాలువా ఇస్త్రీపెట్టెతో కాల్చింది ఎవరనుకున్నావు?"

"మీ పిన్ని."

"నేను."

అమ్మమ్మ కళ్లు పళ్లాలంత అయ్యాయి. "దొంగమొహమా! నేను దాన్ని మూణ్నెల్లు తిట్టానే!"

"పింగాణీ జాడీ కూడా నేనే. పిల్లి కాదు."

"ఆ పిల్లికి రెండు రోజులు పాలు పొయ్యలేదు నేను!"

అలా ఒక్కో నేరమే ఒప్పుకుంటూ పోయింది ఫ్యూజు. చేసినవి అయిపోయాక చెయ్యనివి కూడా ఒప్పుకుంది. అమ్మమ్మ ఊపిరి సలపకుండా తిట్టింది. తిడుతున్నంతసేపూ బతికే ఉంటుంది. ఫ్యూజుకి కావలసింది అంతే.

మూడో గంటలో గురక వినబడింది.

"అమ్మమ్మా! లే!"

"మెలకువగానే ఉన్నాను కదే. ఆ జాడీ మా అత్తగారిది, తెలుసా..."

అమ్మమ్మ మాట్లాడుతూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి. గురక ఆగలేదు. తెర వెనకనుంచి వస్తోంది. దాని కింద సన్నగా గాలిమిషను హోరు. తీగ పీకేసిన మిషను.

అమ్మమ్మ మాట మధ్యలో ఆగింది. ఆవిడకీ వినబడింది. ఫ్యూజు చెయ్యి పట్టుకుంది.

"తిట్టు అమ్మమ్మా" అంది ఫ్యూజు. "ఆపకు."

ఆపలేదు. జాడీ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

క్యాంపు దీపాలు కనబడేసరికి అమ్మమ్మకి మాట ముద్దగా వస్తోంది. ఫ్యూజు దిగి, పెద్ద తీగతో బండిని కరెంటు స్తంభానికి కలిపింది. ఇక ఇంటి బ్యాటరీతో పనిలేదు. టార్చి వేసి వెనక తలుపు తెరిచింది. మంచం మీద ఎవరూ లేరు. హోరు లేదు. దుప్పటి నలగలేదు.

సంచి జిప్పు మాత్రం తెరిచి ఉంది. మాస్కు దిండు మీద ఉంది.

తీసుకుంది. వెచ్చగా ఉంది. లోపలివైపంతా ఆవిరి పట్టి తడిసి ఉంది. అమ్మమ్మ తల పెద్దది. మాస్కు పట్టీని ఎప్పుడూ చిట్టచివరి రంధ్రానికే పెడుతుంది. ఇప్పుడది మొట్టమొదటి రంధ్రానికి బిగించి ఉంది. ఫ్యూజు అందులో చెయ్యి పెట్టి చూసింది. పిడికిలి పట్టింది. అంతకంటే పెద్దగా ఏదీ పట్టదు.

"ఏమే..." ముందునుంచి అమ్మమ్మ పిలుపు. "ఇక నావల్ల కాదు... ఇటు తే."

ఫ్యూజు పట్టీ వదులు చేసింది. చొక్కా అంచుతో మాస్కు లోపలంతా తుడిచింది, రెండుసార్లు, బాగా.

మిషనుతో సహా ముందు తలుపు దగ్గరికి వచ్చేసరికి సీట్లో అమ్మమ్మ తల వాలింది. మాటల్లేవు. తరవాత ఊపిరి చప్పుడూ లేదు.

ఫ్యూజు చేతిలో, తుడిచిన మాస్కు లోపల, మెల్లగా ఆవిరి పట్టింది. తగ్గింది. మళ్లీ పట్టింది.