జాకీ రాడ్డు ఎత్తుకుపోయిన పిల్ల

సుంకులమ్మ మొదటిసారి చూసినప్పుడు కుళ్లాయప్ప మోకాళ్ల నుంచి కిందికే కనిపించాడు. మిగతా మనిషంతా ఒక పాత అంబాసిడరు కారు కింద ఉన్నాడు.

తప్పించుకున్న మేకపిల్లను వెతుక్కుంటూ ఆమె ఆ ఇంటి ఆవరణలోకి వచ్చింది. మేకపిల్ల కారు పక్కనే ఉంది. కారు వెనకభాగం ఒక్క జాకీ మీద లేచి ఉంది. జాకీ కింద మెత్తటి మట్టి. చక్రాలకు ఒక్క రాయి కూడా అడ్డం లేదు.

ఆమె మేకపిల్లను చంకన పెట్టుకుని, బయటికి కనిపిస్తున్న పాదాన్ని పుల్లతో పొడిచింది.

"ఏమప్పా, బయటికి రా."

"పనిలో ఉండా. ఎవరది?"

"ముందు నువ్వు రా. తర్వాత చెప్తా."

ముఖమంతా నల్లటి ఆయిలుతో కుళ్లాయప్ప పాక్కుంటూ బయటికి వచ్చాడు. ఆమెను చూసి గబుక్కున లేవబోయి బంపరుకు తల కొట్టుకున్నాడు. ఆ దెబ్బకే కారు ఊగింది. జాకీ మట్టిలో ఒక పక్కకు ఒరిగింది.

"చూస్తివా?" అంది సుంకులమ్మ. జాకీని దించి, దాని రాడ్డు ఊడదీసి, ఒక చంకన మేకపిల్ల, ఇంకో చేతిలో రాడ్డు పట్టుకుని గేటు దాకా వెళ్లింది. బండిని నిలబెట్టే ఇనుప స్టాండ్లు చేయించుకున్న రోజు రాడ్డు ఇస్తానని చెప్పి వెళ్లిపోయింది.

కుళ్లాయప్ప చిన్నప్పుడే పులివెందులకు పోయి, అప్పటిదాకా అక్కడ ఒకరి లారీ తోలేవాడు. సొంతంగా బాడుగకు తిప్పుకుందామని ఆ కారు కొని, ఈమధ్యే జమ్మలమడుగుకు తిరిగొచ్చాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. చక్రాలున్న ప్రతి బండికీ గిరాకీ ఉంది. ఆమె ఏ ఇంట్లోకి పోయిందో చూసి, వెంటనే రాడ్డు కోసం అక్కడికి వెళ్లాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. సుంకులమ్మ తండ్రి గంగులయ్యది ఒక పార్టీ, కుళ్లాయప్ప తండ్రి వెంకటేశుది ఇంకో పార్టీ. వీధులు వేరైనా రెండిళ్ల దొడ్లకు మధ్య గోడ ఒక్కటే. పోయిన ఎన్నికలప్పుడు ఆ రెండు వీధుల మధ్య నాటుబాంబులు పడ్డాయి. ఆనాటి నుంచి ఒక పార్టీవాళ్లు టీ తాగే అంగట్లో ఇంకో పార్టీవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. అట్లాంటిది, గంగులయ్య అరుగు మీద తన మనుషులతో కూర్చుని ఉండగా కుళ్లాయప్ప ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. రాడ్డు సంగతి చెప్పలేక, క్షేమమేనా మామా అని పలకరించి వచ్చేశాడు.

సాయంత్రానికల్లా వెంకటేశు కొడుకు పార్టీ మారాడని ఊరంతా చెప్పుకుంది. భోజనాల దగ్గర కుళ్లాయప్ప జరిగింది చెబితే, ఇనుప రాడ్డు బజారులో దొరకదా అని వెంకటేశు అడిగాడు. కొత్తది కొనుక్కోవచ్చన్న సంగతి కుళ్లాయప్పకు అప్పుడే తట్టింది. అంతవరకు ఎందుకు తట్టలేదో కూడా అప్పుడే తెలిసి, తలవంచుకుని అన్నం కలిపాడు.

ప్రొద్దుటూరులో ఇక్బాల్ వెల్డింగు షాపులో స్టాండ్లు చేయించాడు. మేకపిల్ల మళ్లీ తప్పిపోయింది. ఈసారి సుంకులమ్మే దాన్ని వదిలిందేమోనని కుళ్లాయప్పకు అనుమానం.

దాని వెనకాలే ఆమె వచ్చి, స్టాండ్లు చూసి రాడ్డు ఇచ్చింది. తన మేనమామ చెయ్యి జీపు కింద నలిగిపోయిందని, ఆయన ఇప్పటికీ గొర్రెల మందను ఒంటిచేత్తో తోలుకుపోతున్నాడని చెప్పింది. ఆమె పట్టుదలకు అంతదాకా నవ్వుకుంటున్న కుళ్లాయప్పకు నవ్వు ఆగిపోయింది. ఆమె చెప్పినట్టే ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండు బ్రేకు వేశాడు. నాపబండ పరిచి దాని మీద జాకీ పెట్టాడు. కారు లేచాక ఇరుసుకు రెండు పక్కలా స్టాండ్లు నిలిపి, బరువంతా వాటి మీదికి దించాడు. సుంకులమ్మ భుజం ఆనించి కారును గట్టిగా తోసింది. కదల్లేదు.

"ఇప్పుడు దూరు" అంది.

"రేపు ముందర పక్క లేపాల. అప్పుడు గూడా చూడాల కదా?"

"చూడాల" అందామె, మేకపిల్ల చెవి నిమురుతూ.

అట్లా ముందుపక్క చూసింది, ఎడమపక్క చూసింది. బాగయిన చక్రాన్ని కూడా మళ్లీ విప్పించి చూసింది. సంగతి గంగులయ్య దాకా వెళ్లింది. అవతలి పార్టీ నీడ తన గడపలో పడనివ్వనని చెప్పి, ఆయన కూతుర్ని బయటికి వెళ్లొద్దన్నాడు.

పులివెందులలో పెద్ద సభ ఉన్న రోజు గంగులయ్య జీపు సైలెన్సరు ఊడింది. మనుషులంతా వేరే బండ్లలో ముందే వెళ్లిపోయారు. ఆలస్యమవుతోందన్న తొందరలో ఆయన జీపును జాకీతో ఎత్తి, ఒక్కడే కింద దూరాడు. కాసేపటికి దొడ్లో ఉన్న సుంకులమ్మకు దబ్బుమన్న చప్పుడు వినిపించింది.

జాకీ జారింది. గంగులయ్య భుజం జీపు కింద ఇరుక్కుంది. ఊపిరి మాత్రం ఆడుతోంది. చుట్టుపక్కలవాళ్లు పరుగున వచ్చి, జీపును చేతులతో ఎత్తి ఆయన్ని లాగేద్దామన్నారు. పట్టు తప్పితే బరువంతా ఛాతీ మీద పడుతుందని సుంకులమ్మ వాళ్లకు అడ్డం నిలబడింది. దొడ్డిగోడ వైపు తిరిగి కుళ్లాయప్పను పేరు పెట్టి పిలిచింది. పరాయి మగవాణ్ణి వీధంతా వినేలా పిలిచానన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

అతడు జాకీ, స్టాండ్లతో గోడ దూకాడు. వెనకాలే వెంకటేశు నాపబండ మోసుకుంటూ వచ్చాడు. సుంకులమ్మ చక్రాలకు రాళ్లు పెట్టింది. కుళ్లాయప్ప కొంచెం లేపడం, ఆమె ఆ కిందికి స్టాండు జరపడం, మళ్లీ కొంచెం లేపడం. బండి కదలదని తేలాక వెంకటేశే గంగులయ్యను మెల్లగా బయటికి జరిపాడు. అంబాసిడరులో ప్రొద్దుటూరు ఆసుపత్రికి వెళ్లేదాకా ఆయన తల వెంకటేశు ఒళ్లోనే ఉంది. దోవలో ఇద్దరూ పార్టీ మాట ఎత్తలేదు.

భుజం ఎముక విరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. కట్టు కట్టి ఇంటికి పంపిన రోజు తండ్రీకూతుళ్లను తీసుకురావడానికి కుళ్లాయప్పే వెళ్లాడు. గంగులయ్య వెనక సీటులో పడుకుని కళ్లు మూసుకున్నాడు. చోటు లేక సుంకులమ్మ ముందు కూర్చుంది. ఊరు దాటగానే వాన మొదలైంది.

కుళ్లాయప్ప చిన్నగా అన్నాడు.

"మీ నాయన్ను ఒక మాట అడగాలనుండాది."

"ఏమని?"

"నిన్ను నాకిస్తాడా అని."

"నన్ను అడగవా?"

"నీకిష్టమేనా?"

ఆమె కిటికీ మీద జారుతున్న చినుకులను చూస్తూ చెప్పింది. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి.

"నాకు ఎప్పట్నుంచో ఇష్టమే. నువ్వే అడక్కుండా శానా దినాలు చేస్తివి."

కుళ్లాయప్ప ఆమె ముఖం వైపు తిరిగినవాడు తిరిగినట్టే ఉండిపోయాడు. కారు మెల్లగా రోడ్డు అంచుకు జరిగింది.

వెనక సీటులోంచి, కళ్లు తెరవకుండానే, గంగులయ్య అన్నాడు.

"రోడ్డు చూసి తోలు, అల్లుడా."