దండ తియ్యని జవాను

రాజాంలో పదిహేనో ఆగస్టు చాకిరీ ఎవరికి పడుతుందంటే, పెళ్లి కానివాళ్లకి పడుతుంది.

ఆ లెక్కన మిషన్ స్కూల్లో అది ప్రతి ఏడూ లీలారాణికే పడుతోంది. మిగతా టీచర్లకి మొగుళ్లున్నారు, పిల్లలున్నారు, సరిగ్గా పద్నాలుగో తారీఖుకి జ్వరం తెచ్చుకునే అత్తగార్లున్నారు. "నీకేటమ్మా, ఇంటికెళ్లి సేసేదేటున్నాది?" అంటూ హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానసుందరమ్మగారు రంగు కాగితాల దగ్గర్నుంచి బూందీ పొట్లాల దాకా అన్నీ ఆమెకే అప్పజెప్పేస్తారు. ఇంట్లో మంచం పట్టిన తండ్రీ, చదువుకునే చెల్లెళ్లూ ఉన్నారన్న సంగతి ఆవిడకి గుర్తుండదు. లీలారాణికి గుర్తుచేసే ఓపికా లేదు.

ఈ ఏడు ఆ చాకిరీకి ఇంకోటి తోడైంది. వేదిక మీద కూర్చోవలసిన యుద్ధవీరుడు రానని కబురు పెట్టాడు.

ఆ వీరుడి పేరు కృపానిధి. అరవై అయిదులో సియాల్‌కోట్ వైపు యుద్ధం చేసి, మెడల్‌తో తిరిగొచ్చి, పాలకొండ రోడ్డులో సైకిల్ షాపు పెట్టుకున్నాడు. ముప్పై దాటలేదు. ఊళ్లో ఆయన్ని ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి తలుచుకుంటారు. మిగతా రోజుల్లో పంచర్ పడితే తలుచుకుంటారు.

ఆయన గురించి ఊరందరికీ తెలిసిన సంగతి ఇంకోటుంది. ఆయనకి దండల మోజు. ఎక్కడైనా మెడలో దండ పడగానే తీసి బల్ల మీద పెట్టడం పెద్దమనిషి మర్యాద. పంచాయతీ ప్రెసిడెంటు గణపతిరావుగారి మెడలో దండ రెప్పపాటు కన్నా ఎక్కువ ఉండదు. కృపానిధి మాత్రం జెండా ఎగిరింది మొదలు ఆటలపోటీలు అయ్యేదాకా ఆ బంతిపూల దండతో అలాగే కూర్చుంటాడు. అలాగే ఇంటికి నడిచి వెళ్తాడు. 'దండల జవాను' అని కుర్రాళ్లు పేరు పెట్టారు. పోయినేడు లీలారాణి కూడా పమిట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అయినా ఆ మనిషంటే ఆమెకి ఏదో ఉంది. సాయంత్రం స్కూలు నుంచి వస్తుంటే, ట్యూబు అతికిస్తూనే తలెత్తి, "ఈయాల లేటయినాది టీచరమ్మా" అంటాడు. అంతే, ఇంకో మాట ఉండదు. కానీ ఆమె ఎప్పుడు ఇంటికి వెళ్తోందో గమనించే మనిషి రాజాం మొత్తం మీద ఆయనొక్కడే. ఆ ఒక్క మాట కోసం ఆమె ఒక్కోసారి చుట్టుదారిన కూడా వచ్చింది.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం షాపుకి వెళ్లింది.

"ఈ ఏడు నాను రానండి," అన్నాడు చక్రం తిప్పుతూ.

"ఎందుకు రారు?"

"పనున్నాది."

"రేపు ఊరంతా సెలవు. పంచర్లకి కూడా సెలవే."

"అయితే వీరులకీ సెలవే, టీచరమ్మా."

ఆమెకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. అతను చక్రం ఆపాడు. "సోమారం విశాపట్నం ఎల్లిపోతన్నాను. గోదాములో వాచ్‌మేన్ పని దొరికినాది. ఈ ఒక్కసారికీ ఒగ్గేయండి నన్ను."

సోమవారం నుంచి సాయంత్రాలు ఎలా ఉంటాయో లీలారాణికి ఒక్కసారిగా అర్థమైంది. చుట్టుదారిన రావలసిన పని ఉండదు. ఏదో అనబోయింది. ఈలోగా వాన వచ్చింది.

మామూలు వాన కాదు. ఏటవాలుగా వచ్చి షాపులోకి కొట్టేస్తోంది. చూరుకి చుట్టికట్టిన గోనె పరదా ఉంది.

"టీచరమ్మా, ఆ పరదా తాడు కాస్త ఇప్పండి," అన్నాడు కూర్చునే.

లీలారాణికి ఒళ్లు మండిపోయింది. పొద్దున్నుంచీ అందరూ పనులు చెప్పేవాళ్లే. "ఏటండీ, పిలవడానికొచ్చిన ఆడమనిషి మీ షాపు పరదా దించాలా? మీరు లేస్తే అరిగిపోతారా?"

అతను లేచాడు. వానలో చూరు కింద నిలబడి ముడి వైపు చూశాడు. చేతులు గుండె దాకా లేచాయి. అక్కడ ఆగిపోయాయి. ముఖం మీద నీళ్లు కారుతుంటే అలాగే నిలబడ్డాడు.

అప్పుడు చూసింది ఆమె షాపుని. ఏ సైకిల్ షాపులోనైనా టైర్లు దూలానికి వేలాడుతుంటాయి. ఇక్కడ టైర్లు, రిమ్ములు, గొలుసులు, పంపు అన్నీ నేల మీదే ఉన్నాయి. నడుం కన్నా ఎత్తులో ఒక్క వస్తువు లేదు. బద్ధకస్తుడనుకుంది ఇన్నాళ్లూ.

వెళ్లి ముడి విప్పింది. పరదా దిగింది. లోపల కాస్త చీకటి, బయట హోరు.

"ఆ దండలు..." అంది మెల్లగా.

"తియ్యలేనండి. మొదటేడు లాగితే తెగిపోయి పూలన్నీ ప్రెసిడెంటుగారి ఒళ్లో పడ్డాయి. అప్పట్నుంచి ఊరుకున్నాను. సీమలు కుడతాయి మెడమీద. ఇంటికెళ్తే మాయమ్మ తీస్తాది."

"చెప్పొచ్చు కదా ఎవరికైనా!"

"సెప్తే ఏటవుతాది? ఇప్పుడు నవ్వుతన్నారు. అప్పుడు అయ్యో అంటారు. నవ్వే నయమండి." మళ్లీ చక్రం అందుకున్నాడు. "మీరూ సెప్పకండి. ఒట్టు."

లీలారాణి ఒట్టు వేసింది. పోయినేడు నవ్విన నవ్వు గుర్తొచ్చి తల దించుకుంది.

"రేపు రండి," అంది చివరికి. "మీ మెడలో దండ రెప్పపాటు కూడా ఉండదు. ఆ పూచీ నాది."

"ఎలాగ?"

"అది నా పని. ఎలాగూ అన్నీ నా పనే కదా."

అతను మొదటిసారి నవ్వాడు. వస్తానన్నాడు.

ఆమె ఉపాయం సులువైనదే. వేదిక వెనక ఇద్దరు ఎనిమిదో క్లాసు ఆడపిల్లల్ని నిలబెట్టింది. దండ వెయ్యగానే ఒక్కొక్కరి మెడలోంచీ వాళ్లే తీసేస్తారు. ప్రెసిడెంటుకీ అంతే, కృపానిధికీ అంతే. అందరికీ ఒకే పద్ధతైతే ఎవరికీ అనుమానం రాదు.

మర్నాడు చినుకుల్లోనే జెండా ఎగిరింది. స్కూలు రేకుల హాల్లోకి జనం బాగానే వచ్చారు గాని, ఎవరి గోల వాళ్లది. వెనక బెంచీల వాళ్లు మధ్యాహ్నం కోడికూర సంగతి మాట్లాడుకుంటున్నారు. కుర్రాళ్లు విజయనగరం వెళ్లి సినిమా చూడాలా, బొబ్బిలిలో చూడాలా అని తగువాడుకుంటున్నారు. గణపతిరావుగారు స్వాతంత్ర్యం గురించి చెబుతూ వాచీ చూసుకుంటున్నారు. పిల్లల కళ్లన్నీ గుమ్మం వైపే. బూందీ గంప ఇంకా రాలేదు.

సరిగ్గా దండలు వేసే వేళకి వచ్చింది గంప. వేదిక వెనకున్న ఆడపిల్లలిద్దరూ ఎగిరి దూకి పరిగెత్తారు.

గణపతిరావుగారు తన దండ తనే తీసి హుందాగా బల్ల మీద పెట్టారు. కృపానిధి మెడలో దండ ఉండిపోయింది. అతను వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

వెనక బెంచీలో మొదలైంది. "ఒరే, తియ్యడు సూడు! పందెం!"

కృపానిధి లీలారాణి వైపు చూశాడు. అందులో కోపం లేదు. ఇది మామూలే కదా అన్నట్టు చూశాడు. ఆ చూపే ఆమె తట్టుకోలేకపోయింది.

గబగబా వేదిక ఎక్కింది. రెండు చేతులతో దండ ఎత్తి, అతని తల మీంచి తీసింది.

వెనక బెంచీలోంచి ఎవడో అరిచాడు. "ఓలమ్మో! దండలు మార్సీసుకుంటన్నారు! పాస్టరుగార్ని పిలవండ్రా!"

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు. జ్ఞానసుందరమ్మగారి ముఖం కందగడ్డైపోయింది. గణపతిరావుగారు మైకులోనే అడిగేశారు. "ఏటమ్మా లీలారాణీ, నలుగుర్లో పరాయి మగాడి మెడలో దండ మీద సెయ్యేస్తావా? మిషన్ స్కూల్లో ఇదేటి పద్ధతి?"

ఒక్క ముక్క చెబితే సరిపోను. ఒట్టు అడ్డం పడింది. ఉద్యోగం పోతే తండ్రి మందులేమిటి, చెల్లెళ్ల చదువులేమిటి అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆమె దండ పట్టుకుని అలాగే నిలబడింది. నాలుగు రోజుల నిద్రలేమికి కళ్లు మండుతున్నాయి. ఏడుపొస్తే బాగుండును గాని, దానికీ ఓపిక లేకపోయింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. కృపానిధి మైకు దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మ తప్పు లేదండి. నా సేతులు ఇంతే లెగుస్తాయి." ఎత్తి చూపించాడు. గుండె దగ్గర ఆగిపోయాయి. "బాంబు ముక్కలు రెండు బుజాల్లోనూ దిగిపోనాయి. దండంటే మోజు కాదండి, తీసుకోలేను. ఈ సంగతి ఈవిడికి నిన్ననే తెలిసినాది. ఎవరికీ సెప్పొద్దని ఒట్టేయించాను. తన పరువు పోతన్నా సెప్పలేదు, సూశారా? నాను నోరుమూసుకు కూకుంటే ఆ మెడల్ దేనికండి నాకు?"

రేకుల మీద చినుకులు వినిపించాయి. పందెం అన్నవాడు బెంచీ కింద చెప్పులు వెతుక్కున్నాడు. గణపతిరావుగారు తడబడుతూ లేచారు. ముందు వరస లేచింది. కోడికూర బెంచీ కూడా లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తలలు దించుకుని నిలబడ్డారు. ఆయనకి ఈ ఊరు చేసిన నిజమైన సన్మానం ఆ కాసేపే.

ఎంతసేపు నిలబడాలో ఎవరికీ తెలీలేదు. చివరికి ఒక చిన్నపిల్ల అడిగింది, "బూందీ ఎప్పుడెడతారండీ?" అని. అందరూ హమ్మయ్య అనుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నానికి స్కూలు ఖాళీ. తొక్కిన కాగితాలు, బూందీ పలుకులు, ఒక తెగిన చెప్పు మిగిలాయి. జ్ఞానసుందరమ్మగారు వెళ్తూ వెళ్తూ "పోనీలే, తప్పేటీ లేదులే" అని లీలారాణి భుజం తట్టి, చీపురు చేతికిచ్చి వెళ్లారు.

కృపానిధి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"సోమవారం వెళ్తారా?" అంది ఆమె, ఊడుస్తూనే.

"ఎల్లాల. రేపట్నుంచి ఊరంతా అయ్యో అంటాది."

"నేను అన్నానా?"

"మీరు అన్లేదు. మీరు కోప్పడి పరదా దించీసినారు." నవ్వి, మళ్లీ మొహం దించుకున్నాడు. "మాయమ్మ ఒకటే గొడవ, పెళ్లి సేసుకోమని. పెళ్లికూతురి మెడలో దండ ఎత్తి ఎయ్యలేనోడికి పెళ్లేటండి? అందుకే ఎల్లిపోతన్నాను. ఇక్కడుంటే రోజూ సాయంత్రం ఒక మనిషి ఆ రోడ్డంట ఎల్తాది. సూస్తా ఉండలేకపోతన్నాను."

చీపురు ఆగిపోయింది. ఆమె చెవుల దాకా ఎర్రబడింది. సిగ్గుపడి లోపలికి పారిపోవాలి మామూలుగా అయితే. కాళ్లలో సత్తువ లేదు.

"పెళ్లికూతురు కుర్చీలో కూర్చుంటే అందుతుందా దండ?" అంది.

అతను తలెత్తాడు. "అందుతాది గాని... పెళ్లికూతురు కూకుంటాదేటి ఎక్కడైనా?"

"తెల్లారగట్ల నుంచీ నిలబడే ఉన్నానండి. ఏళ్ల తరబడి నిలబడే ఉన్నాను. నా పెళ్లిలోనైనా నన్ను కూర్చోనివ్వరా?"

కృపానిధి లేచి వచ్చి, ఆమె చేతిలోంచి చీపురు తీసుకున్నాడు.

"పెళ్లి దాకా ఎందుకు? ఇప్పుడే కూకోండి."

"విశాఖపట్నమో?"

"ఆ గోదాము ఇంకెవడైనా కాస్తాడు. మీరు కూకోండి ముందు."

లీలారాణి గోడకి తలవాల్చి మెట్టు మీద కూర్చుంది. అతను వంగి నేల మీది కాగితాలు ఏరడం మొదలుపెట్టాడు.

"పైన తోరణాలో?" అంది కళ్లు మూసుకునే.

"అవి రేపు మీరే ఇప్పుకోవాల. కింద పని మాత్రం ఇంక ఎప్పటికీ నాదే," అన్నాడు.

ఆమె ఆ మాట విని నవ్విందో, అప్పటికే నిద్రపోయిందో అతనికి తెలీలేదు. చప్పుడు కాకుండా ఊడ్చుకుంటూ పోయాడు.