బొగ్గు తినే గడియారం

బూజుల డాక్టరు టీ గ్లాసు పెదవికి ఆనించారో లేదో, కిటికీ అద్దం భళ్లుమంది. తూటా నుదుట దిగింది. తాను ముద్దుగా పెంచుకున్న బూజు పళ్లాల మీదే బోర్లాపడి ప్రాణం వదిలారు. హంతకుడు డబ్బు ముట్టలేదు. ఒక్క బూజు పళ్లెం పట్టుకుపోయాడు.

"ముంగిసా, ఇది నీ పని," అన్నాడు చీఫ్ తన ఏజెంటుతో. "ఆ బూజు గోధుమరంగు బొగ్గును తింటుంది. దాంతో కలిసి బతికే బ్యాక్టీరియా సున్నంలాంటి ఘాటు రసం వదులుతుంది. ఆ దెబ్బకి బొగ్గు కొవ్వొత్తిలా కరిగి నల్లగా కారిపోతుంది."

"కారితే కారనీండి సార్, మనకేం?"

"విదేశీ ముఠా పెట్టిన బాంబులో స్ప్రింగును ఆపి పట్టుకున్నది ఆ బొగ్గుతో చేసిన బిళ్లే. బూజు ఆ బిళ్లను కరిగిస్తే స్ప్రింగు తన్నుతుంది, బాంబు పేలుతుంది. గడియారం లేదు, బ్యాటరీ లేదు. టార్గెట్, పవర్‌హౌస్ కంట్రోల్ రూమ్."

ఆ గదిలో డ్యూటీ చేసేది ముంగిస అక్క. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క.

మీటర్ మెకానిక్ వేషంలో పవర్‌హౌస్‌లో అడుగుపెట్టాడు. వరండాలో నల్లకళ్లద్దాల సుందరి ఎదురైంది. కోడ్‌నేమ్ నెమలి. విదేశీ ముఠాకు బాంబు చేసిచ్చిందీ ఆమే, ఆ కబురు మనకు చేరవేసిందీ ఆమే.

"వాన వచ్చేలా ఉంది," సంకేతం విసిరింది.

"గొడుగు ఇంట్లో మరిచాను."

"కంగారొద్దు," గుసగుసలాడింది నెమలి. "బాంబు కంట్రోల్ రూమ్‌లోని బొగ్గుశాంపిల్ పెట్టెలో ఉంది. బిళ్ల గనిలోంచి తీసిన పచ్చి బొగ్గు. సాయంత్రం దాకా కరగదు."

"పచ్చిది కాదు మేడమ్!" బాత్రూమ్ తలుపు చాటునుంచి స్వీపర్ యూనిఫాంలో ఓ గుండుగాడు బయటికొచ్చాడు. డాక్టర్ని చంపినవాడే. ఒక చేత బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసా, రెండో చేత పిస్టల్. "చెమ్మగా ఉందని మేడమీద ఎండబెట్టి మరీ బిగించా. ఇంత కష్టపడితే, నువ్వు మమ్మల్నే అమ్మేస్తావా?"

నెమలి ముఖం పాలిపోయింది. "ఓరి దరిద్రుడా! ఎండకూ గాలికీ మగ్గిన బొగ్గు బూజుకి వెన్నముద్దరా! సాయంత్రం కాదు, ఇప్పుడే..."

పిస్టల్ పేలింది. నెమలి గోడకు ఆనుకుని జారిపడింది. ముంగిస ఎగిరి గుండు మెడమీద పడ్డాడు. రెండో తూటా ముంగిస భుజాన్ని చీల్చింది. అయినా పట్టు వదల్లేదు. గుండు తలను వాష్‌బేసిన్‌కేసి మోదాడు. బేసిన్ పగిలింది, తలా పగిలింది.

"ముంగిసా..." నెమలి నోట్లోంచి నెత్తురు బుడగలొచ్చాయి. "ఆ రసానికి... యాసిడ్ విరుగుడు..." కళ్లు తేలేసింది.

ముంగిస గుండు చేతి సీసా లాక్కుని కంట్రోల్ రూమ్‌లోకి దూకాడు. పెట్టె మూత పీకాడు. చీపురుపుల్లంత మిగిలింది బిళ్ల. నల్లచుక్కలు టపటపా రాలుతున్నాయి. స్ప్రింగు మూలుగుతోంది. సీసా మొత్తం ఒంపేశాడు. బుసబుసమని నురగ లేచింది. నల్లరసం విరిగిన పాలలా ముక్కలై అడుగున పడింది. ఆ పుల్ల మాత్రం అలాగే నిలబడింది.

అక్క కుర్చీలోంచి లేచి, తమ్ముడి నెత్తుటి భుజాన్నీ, చేతిలోని సీసానీ చూసింది. గబగబా చున్నీ చింపి కట్టుకట్టింది.

"చచ్చినోడా, ఇంట్లో ఎన్నేళ్లు మొత్తుకున్నా ఆ బాత్రూమ్ సీసా ఒక్కరోజు ముట్టావట్రా?"